మూడో వరసలో దొంగ

నిండు సభలో ఒక మహా హాస్యగాడి నోటి చివర ఉన్న మాటను నేను లాగేసుకున్నాను. ఆయన ఇంకా చెప్పలేదు, నేను చెప్పేశాను. అదీ చివరి వరసలో కూర్చున్నవాళ్ళకు కూడా వినబడేలా, గొంతు చించుకుని. దాని పర్యవసానం ఏమిటో వివరంగా చెబుతాను గాని, ముందే ఒక హెచ్చరిక. చివర్లో నేను చెంపలు వేసుకుంటానని ఎదురుచూసేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. అలాంటి కార్యక్రమం ఏదీ ఇక్కడ లేదు.

ఆయన ఈ మధ్యే పోయారు. ఆ రోజు నుంచి నా ఫోను నిండా ఆయన పక్కన నిలబడి పళ్ళికిలించిన జనం ఫొటోలే. ఒకాయన ఆయనతో కలిసి ఇడ్లీ తిన్నాడట. ఇంకొకాయన భుజం మీద ఆయన చెయ్యి వేశారట. ఒకావిడ వీణ విని తల ఊపారట. నా దగ్గర ఫొటో లేదు, సంతకం లేదు, ఇడ్లీ అసలే లేదు. నా దగ్గరున్నదల్లా ఒక నేరం. అయినా ఆయన్ని తలుచుకుని బాధపడే హక్కు ఇడ్లీ తిన్నవాడికి ఎంత ఉందో నాకూ అంతే ఉందని నా వాదన. కాదనేవాళ్ళు ఉంటే రండి, తేల్చుకుందాం.

అసలు పేరు చెప్పను. చెబితే ఆయన అభిమానులు మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. శేషయ్య గారు అనుకుందాం. ఒక మైకు, ఒక కండువా, ఒక మనిషి; అంతే ఆయన సరంజామా. ఒంటరిగా వేదిక మీద నిలబడి రెండు గంటల పాటు పదిమంది మనుషులుగా మారిపోయేవారు. జనం పొట్టలు పట్టుకుని కుర్చీల్లోంచి జారిపోతుంటే ఆయన పెదవి మాత్రం కదిలేది కాదు. వేదిక దిగినా అంతేనట. "ఆయన్ని నవ్వించినోడు ఇంకా పుట్టలేదప్పా" అని మా నాయన నా చిన్నప్పుడు అంటుండేవాడు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. నేను పుట్టానుగా అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక ఇంజనీరు కావాలి, ఇల్లు కట్టాలి అని అందరు పిల్లలూ అనుకుంటారు. నేను శేషయ్య గారిని ఒక్కసారి నవ్వించాలి అనుకున్నాను.

మేం బెంగళూరులో తాతల నాటి నుంచీ ఉన్న తెలుగువాళ్ళం. చిక్కపేట సందులో మా నాయనకు గుండీలు, జిప్పులు, లేసులు అమ్మే అంగడి ఉండేది. ఇంట్లో ఒక టేప్ రికార్డరు, శేషయ్య గారి 'మధ్యాహ్నం దొంగ' క్యాసెట్టు. కంపెనీవాళ్ళు అమ్మింది కాదు. ఖాళీ క్యాసెట్టు ఇచ్చి పేటలో ఒకతని దగ్గర ఎక్కించుకొచ్చింది. దసరాకు, పుట్టినరోజులకు, కరెంటు ఉన్న ప్రతి ఆదివారానికి మా ఇంట్లో అదే పెట్టేవాళ్ళం. ఏ పదం తర్వాత ఏ పదమో నాకు ఎక్కాల కంటే బాగా వచ్చేది. ఎక్కాల సంగతి మా లెక్కల మాస్టారిని అడగండి.

కథ ఇదీ. ఎర్రటి ఎండలో ఒక దొంగ ఒక ఇంట్లో దూరతాడు. నడవలో కునుకు తీస్తున్న ఇంటాయన కళ్ళు తెరిచి, వణికిపోతూ అడుగుతాడు. "ఏం కావాలి బాబూ? బిందెలా? బియ్యమా? గోడ గడియారమా? పోనీ మా బావమరిదిని తీసుకుపోతావా?" అంతే, ఆ తర్వాత మాట ఉండదు. నిశ్శబ్దం. నేను పధ్నాలుగు లెక్కపెట్టేవాణ్ణి. అప్పుడు ఒక చిన్న దగ్గు. ఖళ్. ఆ దగ్గు తర్వాత దొంగ తాపీగా అంటాడు. "కాస్త మజ్జిగ."

ఆ నిశ్శబ్దం దగ్గరికి రాగానే మా నాయన వేలు పైకెత్తేవాడు. "వినండి, వినండి. ఇదే చూడండి. మాట లేకుండా నవ్వించేది ఈయనకు తప్ప ఇంకెవురికీ రాదు." మా అవ్వ అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగుతుండేది. దగ్గు పడగానే ఇల్లంతా గొల్లుమనేది. మా అమ్మ ఒక్కతే నవ్వకుండా చిక్కుళ్ళు ఒలుచుకుంటూ కూర్చునేది. ఆవిడకు హాస్యం అబ్బలేదని మేమంతా జాలిపడేవాళ్ళం.

సరే, పెద్దవాణ్ణయ్యాను. బ్రూక్‌ఫీల్డులో ఒక ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు తెలుగు సంఘంలో కుర్చీలు మోసే సేవ. ఒక వేసవిలో మా సంఘం శేషయ్య గారిని పిలిచింది. ముందు రోజు చిత్తూరులో కార్యక్రమం చేసుకుని, మర్నాడు కారులో హొసకోటె మీదుగా వస్తారు. డ్రైవరుకు మన ఊరి దారులు తెలియవు కాబట్టి ఎవరో ఒకరు హొసకోటెలో ఎక్కి దారి చూపించాలి. ఆ ఎవరో ఒకరు నేనే కావడానికి నేను నడిపిన రాజకీయాలు ఇక్కడ రాస్తే నా మీద మీకున్న కాస్త గౌరవం కూడా పోతుంది.

కార్యదర్శి ప్రసాద్ గారు బెళ్ళందూరు నుంచి ఫోను చేశారు.

"రఘు గారూ, లిజన్. షో ముందు ఆయన వాయిస్‌కి రెస్ట్ ఇస్తారు. సో, నో టాకింగ్. నమస్తే చెప్పండి, రూట్ చెప్పండి. దట్స్ ఆల్."

"ఆయనే మాట్లాడిస్తే?"

"స్మైల్ చేసి ఊరుకోండి."

"ఆయనే నవ్వరు, నేను నవ్వితే మర్యాదగా ఉంటుందా సార్?"

"రఘు గారూ, ప్లీజ్."

హొసకోటెలో కారెక్కాను. ముందు సీట్లో డ్రైవరు పక్కన నేను, వెనక సీట్లో ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని ఆయన. ఫొటోల్లో కంటే సన్నగా ఉన్నారు, జుట్టు బాగా తెల్లబడింది. నమస్తే చెప్పాను. దారి చెప్పాను. ఇరవై నిమిషాల పాటు నా అంత ఉత్తముడు ఈ భూమ్మీద లేడు. కాడుగోడి దగ్గరికి వచ్చేసరికి ముందు లారీ, వెనక లారీ, పక్కన నీళ్ళ ట్యాంకరు. కారు ఆగిపోయింది. బెంగళూరులో కారు ఆగడమంటే ఏమిటో తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళు అదృష్టవంతులు.

హనుమంతుడి ముందు కుప్పిగంతులు వెయ్యకూడదంటారు. నిజమే. కాని ఆ హనుమంతుడే వెనక సీట్లో కూర్చుని, గంట దాటినా బండి అంగుళం కదలకపోతే మీరు మాత్రం ఏం చేస్తారు? వెనక్కి తిరిగాను.

"సార్, ఒక్క మాట."

"ఊఁ."

ఆ 'ఊఁ'ను అనుమతిగా భావించి 'మధ్యాహ్నం దొంగ' మొదలుపెట్టాను. దొంగ నడక దగ్గర డ్రైవరు కిసుక్కుమన్నాడు. బావమరిది దగ్గర స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు. శేషయ్య గారు నన్ను పళ్ళ డాక్టరు చూసినట్టు చూస్తున్నారు. ఫర్వాలేదు, అసలు ఘట్టం ముందుంది. అక్కడికి వచ్చాను. ఆగాను. లోపల పధ్నాలుగు లెక్కపెట్టాను. దగ్గాను. "కాస్త మజ్జిగ."

ఆయన ముందుకు వంగారు. "ఏమైంది బాబూ? మరిచిపోయావా?"

"లేదు సార్. అక్కడ అంతే కదా."

"ఏది అంతే?"

"మౌనం సార్."

"ఏ మౌనం?"

"మీ మౌనమే సార్. తర్వాత మీ దగ్గు. అట్లా దగ్గేవాళ్ళు దేశంలో లేరు."

"నేను దగ్గానా?"

"అవును సార్. చిన్నగా. ఖళ్ అని."

ఆయన ఫ్లాస్కు పక్కన పెట్టారు. "అబ్బాయీ, అక్కడ మౌనం లేదు, దగ్గు లేదు. దొంగ ఆ ఇంట్లోంచి ఎత్తుకుపోవలసిన సామాన్ల జాబితా నేను ఒక్క గుక్కలో చెబుతాను. నలభై ఒక్క వస్తువులు. చెప్పి చెప్పి నోరెండిపోయి మజ్జిగ అడుగుతాడు. నా పేరు నిలబెట్టిందే ఆ గుక్క."

బుద్ధున్నవాడైతే ఇక్కడ "అలాగా సార్" అని ముందుకు తిరిగి కూర్చుంటాడు. నేను "కాదు సార్" అన్నాను.

"కాదా?"

"మీరు మరిచిపోయినట్టున్నారు సార్."

"నలభై ఏళ్ళుగా చెబుతున్నానయ్యా."

"మేం ఇరవై ఏళ్ళుగా వింటున్నాం సార్. చెప్పేవాళ్ళ కంటే వినేవాళ్ళకే బాగా గుర్తుంటుంది."

ఈ చివరి మాట మీద నేను ఈ రోజుకీ నిలబడతాను. దాని తర్వాత చేసిన పని మీదే కాస్త ఇబ్బంది. ఆ దగ్గు ఎలా దగ్గాలో ఆయనకు రెండుసార్లు చేసి చూపించాను. రెండోసారి "గొంతు చివర నుంచి సార్" అని వివరం కూడా చెప్పాను. తాతకు దగ్గులు నేర్పినట్టు అని మన పెద్దలు మాటవరసకు అన్నారు. అక్షరాలా ఆ పని చేసినవాణ్ణి నేనే.

ఆయన కోపగించుకోలేదు. "ఆ క్యాసెట్టు ఎక్కడుంది?" అని అడిగారు. ఇంట్లోనే ఉందన్నాను. సాక్ష్యం కోసం అక్కడికక్కడే మా అమ్మకు ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టాను.

"అమ్మా, మన దొంగ క్యాసెట్టులో మజ్జిగకు ముందర ఒక దగ్గు ఉండాది కదా. అది ఎవురిది?"

"మీ నాయనది కదప్పా."

బయట హారన్లు కొట్టేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆపినట్టనిపించింది.

"నాయనదా?"

"అంగడి నుంచి ఎక్కించుకోని వచ్చిన రెండో దినమే, పాట పెట్టే బటనుతో రికార్డు చేసే ఎర్ర బటను కూడా నొక్కేసినాడు. ఆయప్ప మాటలు పోయినాయి, ఈయన దగ్గు పడింది. నేను చూస్తానే ఉండాను."

"మరి అది శేషయ్య గారి మౌనం అని చెప్పినాడు కదమ్మా."

"ఇంకేమి చెప్తాడు? కొత్త క్యాసెట్టు పాడు చేసినానని మా అత్త ముందర ఒప్పుకుంటాడా?"

"నువ్వన్నా చెప్పాల కదా ఇన్నేండ్లూ."

"ఇంటిల్లిపాదీ నవ్వుతా ఉండారు. సుమ్నే, ఊరికే యాల చెడగొట్టేది?"

ఫోను పెట్టేశాను. మా ఇంటి హాస్య వారసత్వం మొత్తం ఒక ఎర్ర బటను మీద నిలబడి ఉందని నాకు అప్పుడు తెలిసింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక ముందున్న లారీ నంబరు చదువుతూ కూర్చున్నాను. వెనక సీట్లోంచి గొంతు వినబడింది. "మీ నాన్నగారికి చెయ్యి ఫోను."

చేశాను. మా నాయన ఎవరికో జిప్పులు కొలిచి ఇస్తున్నాడు. ఎవరు మాట్లాడుతున్నారో నమ్మించి, ఎర్ర బటను సంగతి బయటపడిందని చెప్పడానికి కాసేపు పట్టింది. నమ్మాక ఆయన గొంతు మారింది.

"నమస్కారం సార్. తప్పు నాదే, ఒప్పుకుంటాను. బటను నొక్కింది నేనే. అయితే ఒక మాట చెప్తాను, మీరు కోపం చేసుకోకూడదు."

"చెప్పండి."

"మీ నలభై ఒక్క సామాన్లూ నేను ఒకసారి విన్నాను. బాగుండాది, లేదనను. అయితే దొంగ నోరు తెరిచి అడిగేసినాడంటే ఇంటోడికి భయం పోతుంది సార్. అడిగింది ఇస్తాడు, అయిపోయె. ఏమీ అడక్కుండా నిలబడుకున్నాడనుకోండి, అప్పుడు కదా భయం. మా అంగడికి వచ్చి ఏమీ అడక్కుండా చూస్తా ఉండేవాణ్ణి చూస్తేనే నాకు గుండె దడ. మీ మాటల కంటే ఆ చోట నా దగ్గే మేలు సార్."

చూశారా, ఇది వంశపారంపర్యం. నేను ఒక్కణ్ణే కాదు.

శేషయ్య గారు ఫ్లాస్కు మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నారు. కిటికీలోంచి నీళ్ళ ట్యాంకరు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నారు. "ఈ మధ్య ఆ గుక్క అందటం లేదు. ముప్పై దాటితే ఆయాసం. నిన్న చిత్తూరులో ఇరవై ఎనిమిదికే ఆపేశాను. ఎవరూ కనిపెట్టలేదు, నాకు మాత్రం తెలుసు." తర్వాత ఫోను దగ్గరికి వంగారు. "సాయంత్రం మీరు రండి. మూడో వరసలో కూర్చోండి. నేను అక్కడ ఆగుతాను. ఆ దగ్గు మీరే దగ్గాలి."

"దగ్గుకేమి సార్, దినమూ దగ్గేదే."

నా గుండె ఎగిరి గంతేసింది. నా మిమిక్రీకి కదలని పెదవి మా నాయన దగ్గుకైనా కదులుతుంది. ఈ రాత్రికి ఆయన నవ్వుతారు, నవ్వించింది మా ఇల్లే అవుతుంది అని లెక్క వేసుకున్నాను.

సభ బ్రూక్‌ఫీల్డులో ఒక కల్యాణ మంటపంలో. ఆరువందల మంది అని నేనంటాను, నాలుగువందలే అని ప్రసాద్ గారంటారు. మంటపంలో వంటలకు గుత్తేదారు మంజణ్ణ. కన్నడాయన, తెలుగు సగం వచ్చు, మనిషి తలుపంత ఉంటాడు. ఎండాకాలమని వచ్చినవాళ్ళకు పంచడానికి మసాలా మజ్జిగ ప్యాకెట్లు తెప్పించి వేదిక పక్కన ఐసుపెట్టెలో పెట్టుకున్నాడు. మా నాయన జీవితంలో మొదటిసారి అంగడి పెందలాడే మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మూడో వరసలో నా పక్కన కూర్చున్నాడు. ఎందుకో మిరియాల వాసన కొట్టింది.

"ఏం నాయనా ఇది?"

"మీ అమ్మ కషాయం పోసి పంపించింది. పెద్దోళ్ళ సభలో దగ్గితే బాగుండదంట."

"నువ్వు దగ్గడానికే కదా వచ్చింది."

"ఆమెకి చెప్పలేదప్పా. సర్‌ప్రైజు అని దాచిపెట్టినాను."

ఏమీ కాదులే అనుకున్నాను. తెల్లవారుజామున మా వీధినంతా నిద్ర లేపే దగ్గు అది. ఒక గ్లాసు కషాయానికి లొంగుతుందా?

శేషయ్య గారు వేదిక ఎక్కారు. అరగంటలో హాలు హాలంతా ఆయన చేతిలోకి వచ్చేసింది. తర్వాత దొంగ వచ్చాడు. నడవ వచ్చింది, బిందెలు, బియ్యం, గోడ గడియారం, బావమరిది. జనం విరగబడి నవ్వారు. ఆయన కండువా సర్దుకుని, మూడో వరస వైపు ఒక్క చూపు చూసి, ఆగారు.

నేను లెక్కపెట్టాను. పధ్నాలుగు. మా నాయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ మూసుకున్నాడు.

"దగ్గు నాయనా."

"దగ్గుతా ఉండాను. రాలేదు."

"రాకపోతే రప్పించు."

"వస్తేనే కదప్పా దగ్గేది."

ఇరవై. ఇరవై అయిదు. వేదిక మీద ఆ పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మాటిచ్చిన మనిషి మీద నమ్మకంతో నిలబడి ఉన్నారు. మైకు చూసుకునే అతను తీగలు కదిలించి చూస్తున్నాడు. ప్రసాద్ గారు సీట్లోంచి సగం లేచారు. అప్పుడు నా వెనక వరసలో ఒకావిడ పక్కావిడతో గుసగుసగా అన్న మాట నా చెవిలో పడింది.

"మరిచిపోయినట్టున్నాడు. వయసైపోయింది, పాపం."

పాపం. నలభై ఏళ్ళుగా జనాన్ని నవ్వించిన మనిషిని పట్టుకుని పాపం. ఆయన్ని చూసి ఎవరైనా నవ్వచ్చు, తిట్టచ్చు, లేచి వెళ్ళిపోవచ్చు. పాపం అనకూడదు. అందులో ఆయన తప్పు ఏమీ లేదు, ఆ గోతిలోకి తోసింది మేమే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలో బుద్ధి కొట్టుకుపోయింది. లేచి నిలబడి అరిచేశాను.

"కాస్త మజ్జిగ!"

హాలంతా నా వైపు తిరిగి చూసింది. ఇప్పుడు నిజమైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో వేదిక పక్క నుంచి దబదబమని అడుగుల చప్పుడు. మంజణ్ణ. పంచె పైకి కట్టి, చేతిలో చెమటలు పడుతున్న మజ్జిగ ప్యాకెట్టుతో వేదిక మీదికి పరుగెత్తుకొచ్చి శేషయ్య గారి ముందు నిలబడ్డాడు. మా భాషలో సగమే తెలిసిన ఆ మహానుభావుడికి తెలిసిన సగంలో మజ్జిగ ఉంది.

జనం పేలిపోయారు. కుర్చీలు కిందపడ్డాయి. మా నాయన నన్ను చూడకుండా వేదికను చూస్తున్నాడు. నేను మాత్రం శేషయ్య గారినే చూస్తున్నాను. ఆయన మాకు వీపు పెట్టి, మంజణ్ణ వైపు తిరిగి నిలబడ్డారు. కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించేశాను రా దేవుడా అనుకున్నాను. ఎంతసేపు అలా ఉన్నారో లెక్కపెట్టలేదు, ఆ సాయంత్రానికి లెక్కలు చాలనిపించింది.

ఆయన ఇటు తిరిగేసరికి మొహం ఎప్పటిలాగే ఉంది. ప్యాకెట్టు మూల పళ్ళతో కొరికి, నింపాదిగా చివరి చుక్క దాకా తాగారు. మూతి తుడుచుకుని మైకు దగ్గరికి వచ్చారు.

"ఈ ఊళ్ళో నాకంటే పెద్ద దొంగ మూడో వరసలో ఉన్నాడండీ. నేను బిందెల కోసం వస్తే, ఆయన నా నోట్లో మాటే ఎత్తుకుపోయాడు."

ఆ తర్వాత పది నిమిషాల పాటు ఆయన్ని ఎవరూ మాట్లాడనివ్వలేదు. చప్పట్లే చప్పట్లు. పన్నెండువందల చేతులు అనాలా, ఎనిమిదివందలు అనాలా, మీరే చూసుకోండి.

కార్యక్రమం కాగానే ప్రసాద్ గారు నన్ను మెట్ల కిందికి లాక్కెళ్ళారు.

"ఏం చేశారు రఘు గారూ ఇది? ఆయన బ్యాక్ తిప్పేశారు. టోటల్‌గా హర్ట్ అయ్యారు. కళ్ళు రెడ్‌గా ఉన్నాయి, నేను చూశాను."

"లోపలికెళ్ళి ఒక్క మాట చెప్పి వస్తాను సార్."

"నో వే. మీరు ఆయన కంటికి కనబడకండి."

ఆయన కారును హొసకోటె దాకా వేరేవాళ్ళు సాగనంపారు. ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు. ఉత్తరం రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. నాలుగుసార్లూ క్షమాపణతో మొదలై, రెండో పేరాలో "అయినా నేనేమంటానంటే" అని వాదనలోకి దిగిపోయేది. చించేశాను. తర్వాతి ఏళ్ళలో ఆయన ఏ ఊళ్ళో 'మధ్యాహ్నం దొంగ' చెప్పినా ఆ చోట ఆగుతున్నారని వీడియోలు వచ్చాయి. గుక్క జాబితా ఎక్కడా లేదు. మా నాయన ఫోను నా మొహం మీద పెట్టి, "చూడు, నాదే, నా పేరు మాత్రం యాడా వెయ్యలేదు" అనేవాడు. నాకు మాత్రం అది చూసిన ప్రతిసారీ ఆ వీపే గుర్తొచ్చేది. నవ్వించాలనుకున్న ఒకే ఒక్క మనిషిని ఏడిపించి పంపానని అన్నేళ్ళూ మోశాను. ఈ మాట ఒక్కటీ వెటకారం లేకుండా చెబుతున్నాను.

మొన్న ఆయనకు మా సంఘం సంతాప సభ పెట్టింది. అదే మంటపం. ప్రసాద్ గారు ఇప్పుడు అధ్యక్షులు. గుమ్మంలోనే పట్టుకున్నారు.

"రఘు గారూ, మీరూ టూ మినిట్స్ మాట్లాడండి. బట్ ఆ బటర్‌మిల్క్ టాపిక్ మాత్రం వద్దు. ఇట్ ఈజ్ ఎ సాలెమ్ అకేషన్."

నాకంటే ముందు మాట్లాడిన తొమ్మిదిమందీ ఆయన మహోన్నతుడన్నారు, తీరని లోటన్నారు. ఆయన ఫొటో పూలదండ వెనక నుంచి ఎప్పటిలాగే నవ్వకుండా చూస్తోంది. బతికుంటే ఆ సభలోంచి మొదట లేచిపోయేది ఆయనే. నేను మైకు తీసుకుని మజ్జిగ టాపిక్కే ఎత్తాను. ఎర్ర బటను నుంచి ఐసుపెట్టె దాకా ఏదీ దాచలేదు. తీరని లోటు అన్న తొమ్మిదిమందీ నవ్వారు. సంతాప సభలో కుర్చీలు కిందపడటం ఈ దేశంలో అదే మొదలై ఉంటుంది. ప్రసాద్ గారు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తున్నారు. చూసుకోనీ.

బయట కాఫీ దగ్గర మంజణ్ణ నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది, తలుపు వెడల్పు మాత్రం తగ్గలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు.

"నువ్వు ఒకటి తప్పు చెప్పినావప్పా. ఆయన ఏడ్చినాడు అని."

"వీపు తిప్పేశారు కదా మంజణ్ణా."

"మీకు వీపు. మొహం నా వైపు కదా ఉండింది."

నేను కాఫీ కింద పెట్టేశాను.

"నగు అప్పా, నగు. నవ్వు పట్టుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు. కండ్లలో నీళ్ళు కారిపోతా ఉండాయి. నేను వెనక్కి పోతా ఉంటే నా చెయ్యి పట్టుకున్నాడు. 'ఒక్క నిమిషం అడ్డంగా నిలబడవయ్యా, నా మొహం సర్దుకోనీ' అన్నాడు."

"మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"ఎవురికీ చెప్పొద్దు అన్నాడు. 'నేను నవ్వుతానని తెలిస్తే నా వ్యాపారం పోతుంది' అన్నాడు. సరే అని మాట ఇచ్చినాను. ఇప్పుడు ఆయనే పోయినాడు కదా."

అక్కడ కాఫీ తాగుతున్నవాళ్ళు ఏమనుకున్నారో నాకు అనవసరం. ఆ తలుపంత మనిషి భుజం మీద తల పెట్టి ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను. ఇంటికెళ్ళి మా నాయనకు చెబితే ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నవ్వించింది నేనే. నాకు దగ్గు వచ్చింటే నువ్వు యాల అరుస్తావు?" అన్నాడు. మా అమ్మ వంటింట్లోంచి, "కషాయం పోసింది ఎవురు?" అంది. ఆ వ్యాజ్యం ఇంకా నడుస్తోంది.

కాబట్టి సకల తెలుగు జనుల సమక్షంలో కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వేదిక మీద ఏ కళాకారుడు ఎంతసేపు ఆగినా, మైకు పోయినా, వెనక వరసలో ఎవరేమన్నా, నేను మాట అందించను. నోటికి తాళం వేసుకుంటాను, తాళంచెవి ప్రసాద్ గారి చేతికిస్తాను. క్షమాపణ మాత్రం అడక్కండి. శేషయ్య గారిని నవ్వించిన నోరు ఇది.